రెండేళ్ళ బిడ్డకు క్రిస్మస్ బొమ్మ కొనే ముందు

డిసెంబరు నెల వచ్చిందంటే కోస్తా జిల్లాల పల్లెలలోను, హైదరాబాదు కాలనీలలోను క్రైస్తవ కుటుంబాల ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. కొత్త బట్టలు, పిండివంటలు, కేకులతో పాటు పిల్లలకు బొమ్మలు కొనడం కూడా ఆ పండుగలో భాగమైంది. పండుగ జరుపుకునే ఇంటికి వెళ్ళే ఇరుగుపొరుగువారు, స్నేహితులు కూడా పసిపిల్ల చేతిలో ఏదో ఒక బొమ్మ పెట్టి రావడం మనకు అలవాటైన మర్యాద.

ఇంటిలో రెండేళ్ళ బిడ్డ ఉంటే ఈ సందడి మరింత ఎక్కువ. మొదటి క్రిస్మస్‌కు బిడ్డ ఒడిలో నిద్రపోయి ఉంటుంది. ఆ మరుసటి ఏడు తప్పటడుగులు వేసి ఉంటుంది. ఈసారి మాత్రం పొట్లం విప్పడం తెలుస్తుంది, లోపల ఏముందో చూడాలన్న ఆత్రం ఉంటుంది, చూడగానే కేరింత కొడుతుంది. ఆ కేరింత తాము ఇచ్చిన బొమ్మను చూసే కొట్టాలని తాతయ్య, అమ్మమ్మ, మేనమామ, మేనత్త, పిన్ని, బాబాయి అందరికీ ఉంటుంది. అందులో తప్పు లేదు.

ఒక బొమ్మ కొనడానికి వైద్యుడి సలహా ఎందుకని మీకు అనిపించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడిగా నాకు అలా అనిపించదు. శ్వాసనాళంలో వేరుసెనగ పలుకు, ముక్కులో పూస, చెవిలో చింతగింజ, అన్ననాళంలో నాణెం ఇరుక్కున్న పసిపిల్లలను తల్లులు గుండెలకు హత్తుకొని తెచ్చేవారు. ఆ వస్తువులలో ఏ ఒక్కటీ బిడ్డకు కీడు తలపెట్టి ఇచ్చినది కాదు. అన్నీ ప్రేమతో ఇచ్చినవో, ఏమరుపాటున అందుబాటులో ఉంచినవో.

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండేళ్ళ బిడ్డకు ఇచ్చే బొమ్మ ఆ బిడ్డ నోటిలో పట్టనంత పెద్దదిగా ఉండాలి. ఆడే పని బొమ్మ కాక బిడ్డ చేయాలి. కొనే ముందు తల్లిని అడగాలి. మొదటి రెండింటిని అందరూ ఒప్పుకుంటారు. మూడవదాని దగ్గరే మన కుటుంబాలలో చిక్కు వస్తుంది. దానిని గురించి చివరలో వివరిస్తాను.

రెండేళ్ళ బిడ్డ చేయగలిగినవి, చేయలేనివి

రెండేళ్ళు నిండేసరికి చాలామంది పిల్లలు పరుగెత్తుతారు. బంతిని కాలితో తన్నుతారు. గోడనో చేతినో పట్టుకొని మెట్లు ఎక్కుతారు. ఆరు చెక్కదిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చగలుగుతారు. ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ వంటి రెండు మాటల వాక్యాలు పలుకుతారు. అన్నిటికన్న ముఖ్యంగా పెద్దలను అనుకరిస్తారు. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పి మనకు అన్నం పెడతారు. బొమ్మను భుజాన వేసుకొని జోకొడతారు. పెన్ను చెవి దగ్గర పెట్టుకొని ఫోనులో మాట్లాడతారు. లేని వస్తువును ఉన్నట్టు ఊహించగలిగే శక్తి మెదడులో అప్పుడే మొలకెత్తుతున్నదని దాని అర్థం.

ఇదే వయసులో కొన్ని పనులు వారికి చేతకావు. రెండవ దవడపళ్ళు సాధారణంగా రెండేళ్ళ వయసు ప్రాంతంలో మొదలై మూడవ ఏటికి వస్తాయి. గట్టి పదార్థాలను బాగా నమిలి మింగడం అంతదాకా సరిగా రాదు. శ్వాసనాళం చాలా సన్ననిది. పెద్దవారు దగ్గి ఉమ్మివేయగల వస్తువు బిడ్డ ఊపిరిని పూర్తిగా ఆపగలదు. కొత్త వస్తువు ఏదైనా పరీక్షించేది కళ్ళతోను, చేతులతోనే కాదు, నోటితో కూడా. ఏమి మింగిందో, ఎప్పుడు మింగిందో చెప్పడానికి తగినన్ని మాటలు ఉండవు. ఆటవస్తువును మరొకరితో పంచుకోవడం కూడా ఈ వయసుకు రాదు. ఇద్దరు రెండేళ్ళ పిల్లలు పక్కపక్కన కూర్చొని ఎవరి ఆట వారు ఆడతారు, ఒకే బొమ్మ కోసం పెనుగులాడతారు. అది పెంపకంలో లోపం కాదు, వయసు లక్షణం.

బొమ్మ ఎంపిక ఈ రెండు జాబితాలనుంచే మొదలుకావాలి.

మొదటి పరీక్ష: నోటిలో పడుతుందా?

మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడుతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అడుగుభాగం ఏటవాలుగా ఉంటుంది. లోతు ఒక వైపు 25.4, మరొక వైపు 57.1 మిల్లీమీటర్లు. పసిబిడ్డ గొంతును దృష్టిలో పెట్టుకొని నిర్ణయించిన కొలతలు అవి. బొమ్మ కాని, దాని నుంచి ఊడివచ్చే ముక్క కాని ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ మూడేళ్ళ లోపు పిల్లలకు తగదు.

ఇంటిలో ఈ పరీక్ష మీరే చేయవచ్చు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉండేటట్లు ఒక అట్టను గొట్టంగా చుట్టండి. అందులో దూరే వస్తువేదీ బిడ్డకు ఇవ్వవద్దు. బంతుల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. గుండ్రని వస్తువు గొంతుకు బిరడాలా బిగుసుకుంటుంది కనుక గోలీలు, చిన్న రబ్బరు బంతులు మరీ ప్రమాదకరం. కమలాపండు కంటె చిన్న బంతి కొనకపోవడం మంచిది.

తరువాత బొమ్మను లాగి చూడండి. ఎలుగుబంటి బొమ్మ కళ్ళు, ముక్కు గుండీలా, దారంతో కుట్టినవా? కారు చక్రాలు గట్టిగా లాగితే ఊడుతున్నాయా? నొక్కితే కీచుమనే బొమ్మ అడుగున ఉన్న పీక బయటికి వస్తుందా? జానెడుకు మించిన తాడు ఉందా? మెడకు చుట్టుకునేంత పొడవున్న తాళ్ళు, తోరణాలు, రిబ్బన్లు రెండేళ్ళ బిడ్డ చేతిలో ఉండకూడదు.

పెట్టెమీద ఒక వలయంలో పసిపిల్ల ముఖం, ‘0–3’ అనే అంకెలు, వాటిమీద అడ్డంగా గీత కనిపిస్తే ఆ బొమ్మ మూడేళ్ళ లోపు పిల్లలకు పనికిరాదని అర్థం. ‘మావాడు వయసుకు మించిన చురుకైనవాడు, అయిదేళ్ళవారి బొమ్మలతో కూడా ఆడగలడు’ అని మురిసిపోయి ఆ గుర్తును పట్టించుకోనివారు చాలామంది ఉన్నారు. ఆ గుర్తు బిడ్డ తెలివిని కొలవడానికి పెట్టినది కాదు. అది గొంతు వెడల్పును గురించిన హెచ్చరిక. ఎంత చురుకైన బిడ్డకైనా రెండేళ్ళ వయసులో ఉండేది రెండేళ్ళ గొంతే.

ప్రత్యేకంగా దూరం ఉంచవలసినవి

బిళ్ళ బ్యాటరీలు: వెలుగులు చిమ్మే బొమ్మలలో, పాటలు పాడే గ్రీటింగు కార్డులలో, మంట లేని కొవ్వొత్తులలో, చిన్న రిమోట్లలో ఇవి ఉంటాయి. వీటిలో రూపాయి నాణెమంత ఉండే లిథియం బ్యాటరీ మరీ ప్రమాదకరం. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న ఈ బిళ్ళ బిడ్డ అన్ననాళంలో ఇరుక్కుంటే చుట్టూ ఉన్న తేమ ద్వారా విద్యుత్తు ప్రవహించి అక్కడ తీవ్రమైన క్షారం పుడుతుంది. రెండు గంటలలోనే అన్ననాళం గోడ కాలిపోవడం మొదలుకావచ్చు. పుండు లోతుకు పోయి పక్కనున్న శ్వాసనాళానికో, పెద్ద రక్తనాళానికో రంధ్రం పడితే ప్రాణం దక్కడం కష్టం. పాటలో, బొమ్మలో పనిచేయడం మానేసిన బ్యాటరీ కూడా ఈ హాని చేయగలదు.

బ్యాటరీ మింగిన బిడ్డకు మొదట ఏ లక్షణాలూ కనిపించకపోవచ్చు. చొల్లు కారడం, తిండి వద్దనడం, వాంతి, దగ్గు ఉండవచ్చు. ‘నాణెం మింగాడు, విరేచనంలో పోతుందిలే’ అని ఊరుకోవద్దు. నాణెమా, బ్యాటరీయా అన్నది ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. బ్యాటరీ అంచు చుట్టూ రెండవ వలయం కనిపిస్తుంది. అనుమానం వచ్చిన క్షణమే ఎక్స్‌రే, ఎండోస్కోపీ సౌకర్యాలున్న ఆసుపత్రికి బయలుదేరండి. వాంతి చేయించవద్దు. ఏడాది నిండిన బిడ్డ, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకు ఒకసారి రెండు చెంచాల తేనె చొప్పున ఆరు సార్ల వరకు ఇవ్వవచ్చు. తేనె కొంత రక్షణ ఇస్తుందే తప్ప చికిత్స కాదు. తేనె కోసం వెతుకుతూ ప్రయాణం ఆలస్యం చేయవద్దు.

శక్తిమంతమైన అయస్కాంతాలు: పూసలవంటి చిన్న అయస్కాంతాలు, ఊడివచ్చే అయస్కాంతపు ముక్కలున్న బొమ్మలు కొనవద్దు. ఒకటి మింగాక మరొకటి మింగితే అవి పేగుల రెండు మడతలలో నుంచి ఒకదానినొకటి ఆకర్షించుకొని నడుమ ఉన్న పేగు గోడను నలిపివేస్తాయి. పేగుకు రంధ్రం పడి శస్త్రచికిత్స అవసరమవుతుంది.

నీటిపూసలు: ఇవి ఆవగింజంత ఉండి నీటిలో నానితే గోలీకాయలంత ఉబ్బే రంగురంగుల పూసలు. అలంకరణకు, ఆటకు అమ్ముతారు. మింగితే పేగులలోకూడా ఉబ్బి దారి మూసివేయగలవు. ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు కనుక కారణం తెలియడం కూడా కష్టమే.

రబ్బరు బుడగలు: పండుగ ఇంటిలో బుడగలు లేకుండా ఎలా అంటారు. ఊదిన బుడగ పెద్దల చేతిలో పైన ఉన్నంతసేపు అందంగానే ఉంటుంది. పగిలిన తరువాత మిగిలిన రబ్బరు ముక్క బిడ్డ నోటిలో పడితే గొంతుకు అంటుకొని ఊపిరి ఆపుతుంది. పగిలిన ముక్కలను వెంటనే ఏరివేయండి. ఊదని బుడగలను బిడ్డకు అందనివ్వవద్దు.

వీటికి తోడు పండుగ అలంకరణలను కూడా ఒకసారి చూసుకోవాలి. క్రిస్మస్ చెట్టుకు వేలాడే గాజు గోళాలు, పశువులపాకలో అమర్చే చిన్న గొర్రెపిల్లల బొమ్మలు, కేకు మీది అలంకరణలు, వెలుగు దీపాల తీగలు రెండేళ్ళ బిడ్డ కళ్ళకు ఆటవస్తువులే. వాటిని బిడ్డ చేయి చేరనంత ఎత్తున అమర్చండి. వేరుసెనగ పలుకులు, జీడిపప్పు, గట్టి చాక్లెట్ బిళ్ళలు ఉన్న పళ్ళేన్ని బల్లమీద వదలివేయవద్దు.

ఊపిరి ఆడకపోతే

బిడ్డ బలంగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గును మించిన మందు అప్పుడు లేదు. దగ్గలేక, ఏడవలేక, ముఖం నీలిబారుతుంటే బిడ్డను ముందుకు వంచి రెండు భుజాల ఎముకల నడుమ అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి. వస్తువు బయటికి రాకపోతే వెనుకనుంచి చేతులు చుట్టి, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు దిగువన పిడికిలి ఉంచి లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కండి. వస్తువు వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయండి. వేరొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే పడుకోబెట్టి గుండె, ఊపిరి పునరుద్ధరణ చర్య మొదలుపెట్టాలి. కంటికి కనిపించని వస్తువు కోసం నోటిలో వేలు పెట్టి వెతకవద్దు. అది మరింత లోపలికి పోతుంది. ఇది ఏడాది దాటిన పిల్లలకు వర్తించే పద్ధతి. ఏడాదిలోపు శిశువులకు పొట్ట నొక్కకూడదు.

ఆడుకుంటూనో తింటూనో ఉన్న బిడ్డ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై, ఆ తరువాత తేరుకొని, దగ్గు మాత్రం రోజుల తరబడి తగ్గకపోతే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. వేరుసెనగ పలుకు కాని, ప్లాస్టిక్ ముక్క కాని ఎక్స్‌రేలో నేరుగా కనిపించదు. తల్లి చెప్పే ఆ ఒక్క మాటే దారి చూపుతుంది.

రెండవ పరీక్ష: ఆడేది ఎవరు?

ప్రమాదం లేని బొమ్మ అంతమాత్రాన మంచి బొమ్మ కాదు. ఒక మీట నొక్కగానే గంతులు వేసి, పాటలు పాడి, రంగుదీపాలు వెలిగించే బొమ్మ ముందు బిడ్డ ప్రేక్షకుడవుతుంది. నాలుగు రోజులకు ఆ ఆట పాతబడుతుంది. పది చెక్కదిమ్మెలు ఏ పనీ చేయవు. అందువల్ల అన్ని పనులూ బిడ్డే చేయాలి. అవి ఒకనాడు రైలు, ఒకనాడు ఇల్లు, ఒకనాడు ఇడ్లీలు.

ఈ తేడాను పరిశోధకులు కూడా గమనించారు. అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయం వారి అధ్యయనం ఒకటి 2015 డిసెంబరులో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వెలువడింది. 10 నుంచి 16 నెలల వయసున్న 26 మంది శిశువులు, వారి తల్లిదండ్రులు ఎలక్ట్రానిక్ బొమ్మలతోను, మామూలు బొమ్మలతోను, పుస్తకాలతోను ఆడుతుండగా మాటలను రికార్డు చేశారు. బొమ్మ మాట్లాడుతున్నప్పుడు పెద్దలు తక్కువగా మాట్లాడారు, బిడ్డకు బదులు పలకడం కూడా తగ్గింది. ఎక్కువ మాటలు పుస్తకాల దగ్గర వినిపించాయి. అది చిన్న అధ్యయనమే. ఆ శిశువులు మనం చెప్పుకుంటున్న వయసు కంటె చిన్నవారు. అయినా దాని సారం ఏ ఇంటిలోనైనా మీరు స్వయంగా చూడవచ్చు. బిడ్డకు మాటలు నేర్పేది తనతో మాట్లాడే మనిషి. ఆ మనిషి నోరు మూయించే బొమ్మ ‘విద్యాత్మకం’ అన్న ముద్రతో వచ్చినా మాటలు నేర్పలేదు.

మరికొన్ని కీచుబొమ్మలు చెవికి చేటు. పిల్లలు బొమ్మను చెవికి ఆనించుకొని ఆడతారు. అందువల్ల దుకాణంలోనే బొమ్మను మీ చెవి దగ్గర మోగించి చూడండి. మీకు ఇబ్బందిగా ఉంటే ఆ బిడ్డకు అంతకన్న ఎక్కువ ఇబ్బంది.

ఫోను, ట్యాబ్లెట్ రెండేళ్ళ బిడ్డకు ఇచ్చే కానుకలు కావు. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించి ఆడాలని, రెండేళ్ళ వయసులో తెర ముందు గంటకు మించి కూర్చోరాదని, ఎంత తగ్గితే అంత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. దూరదేశంలోని తాతయ్య, నాయనమ్మలతో వీడియోలో మాట్లాడడాన్ని నేను ఇందులో కలపను. అక్కడ బిడ్డ పలుకుకు బదులు పలికే మనిషి ఉన్నారు.

మరి ఏమి కొనాలి?

మెత్తని పెద్ద బంతి. అంచులు నునుపుగా ఉన్న చెక్కదిమ్మెలు. ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు. తోసుకుంటూ నడిచే బండి. కుట్టిన కళ్ళున్న గుడ్డబొమ్మ. లావుపాటి రంగు క్రేయాన్లు, పాత కాగితాలు. నాలుగైదు పెద్ద ముక్కలే ఉండి, ప్రతి ముక్కకూ పిడి ఉన్న చెక్క పజిలు. అట్ట పుటల బొమ్మల పుస్తకం. తెలుగు మాటలున్న బొమ్మల పుస్తకమైతే మరీ మంచిది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న మనవరాలికి ఇక్కడినుంచి పంపదగిన కానుకలలో దానిని మించినది లేదనుకుంటాను.

వీటిలో అబ్బాయి బొమ్మలు, అమ్మాయి బొమ్మలు అన్న విభజన చేయవద్దు. గుడ్డబొమ్మను జోకొట్టే బాలుడు తమ్ముణ్ణి ఎత్తుకోవడం నేర్చుకుంటున్నాడు. బండి తోసే బాలిక కాళ్ళలో బలం తెచ్చుకుంటున్నది.

మన చేతివృత్తుల బొమ్మలను గురించి కూడా చెప్పాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో కలిపిన రంగులద్ది బొమ్మలు చేస్తారు. మొక్కలనుంచి తీసిన సహజమైన రంగులను అక్కడ తిరిగి వాడుకలోకి తెచ్చినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. సహజమైన రంగులు వేసిన, పెద్ద వలయాలు పేర్చే బొమ్మలు రెండేళ్ళ పిల్లలకు చక్కగా పనికివస్తాయి. చిట్టి లక్కపిడతల సెట్టు మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగాలి, అందులో చాలా వస్తువులు మనం చెప్పుకున్న గొట్టంలో దూరిపోతాయి. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు కంటికి పండుగే కాని, అతుకులతో, రంగులతో ఉండే ఆ సున్నితమైన రూపాలు చూసుకోవడానికే తప్ప నమలడానికి కావు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. దుకాణంలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా ఆ గుర్తు చూసి కొనండి. నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు మినహాయింపు ఉంది కనుక వాటిమీద గుర్తు లేనంత మాత్రాన అవి చెడ్డవి కావు. అక్కడ మీ చేతులు, కళ్ళు పరీక్ష చేయాలి. గుర్తూ లేక, చేసినవారి పేరూ లేక, ఘాటైన వాసన వేస్తూ, గోటితో గీకితే రంగు రాలే బొమ్మను ఎంత చవకగా వచ్చినా వదలివేయండి. కొన్ని రంగులలో సీసం ఉంటుంది. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, అది ఇంతవరకు ఉంటే ఫరవాలేదని చెప్పదగిన పరిమితి లేదు.

‘మేమూ అలాగే పెరిగాం’

ఈ మాటలు చెప్పినప్పుడల్లా పెద్దవారి నుంచి ఒక జవాబు వస్తుంది. ‘మా చిన్నప్పుడు ఈ జాగ్రత్తలేవీ లేవు, మేము బతకలేదా?’ అని. ఆ జవాబులో కొంత నిజం ఉంది. మన చిన్ననాటి ముంజకాయల బండిలో బ్యాటరీ లేదు. కర్ర గుర్రంలో అయస్కాంతం లేదు. నాటి బొమ్మలలో మింగగానే గంటలలో గొంతు కాల్చే వస్తువేదీ లేదు. మారినది మన భయం కాదు, బొమ్మ లోపలి సరుకు. పైగా ‘మేము బతికాం’ అని చెప్పేవారు బతికినవారే. చింతగింజ ఊపిరితిత్తిలోకి పోయిన పిల్లలు నాడూ ఉన్నారు. వారిలో కొందరికి నేడు ఆ మాట చెప్పే అవకాశం లేదు.

మరికొందరు ‘పక్కన మేముంటాం కదా’ అంటారు. పండుగనాడు ఇంటినిండా పెద్దలు ఉంటారు నిజమే. ప్రతివారూ మరొకరు చూస్తున్నారనుకుంటారు. ముఖ్యంగా అన్నయ్యకో అక్కయ్యకో వచ్చిన బొమ్మలలోని చిన్న ముక్కలు నేలమీద చెల్లాచెదరై ఉంటాయి. పెద్దపిల్లల కానుకలను వారి గదిలోనో బల్లమీదనో విప్పించండి. పొట్లాలు విప్పగానే ప్లాస్టిక్ సంచులు, రిబ్బన్లు, మేకులు తీసివేసే పనిని ఒకరికి పేరుపెట్టి అప్పగించండి.

ఎన్ని బొమ్మలు?

పదిమంది బంధువులు తలా ఒక బొమ్మ తెస్తే బిడ్డ ముందు పది బొమ్మలు చేరుతాయి. అది ఏ ఒక్కదానితోను నిలకడగా ఆడదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వారు 18 నుంచి 30 నెలల వయసున్న 36 మంది పిల్లలను నాలుగు బొమ్మలతో ఒకసారి, పదహారు బొమ్మలతో ఒకసారి ఆడనిచ్చి గమనించారు. 2018లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ విధాలుగా ఆడారు.

బంధువులు ముందుగా మాట్లాడుకొని ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మంచి బొమ్మ కొనడం ఉత్తమం. ఇంటిలో ఇప్పటికే ఉన్నవాటిలో సగం దాచి, నెలకొకసారి మార్చి ఇస్తే పాతవే కొత్తవవుతాయి. అప్పుచేసి ఖరీదైన బొమ్మ కొనవలసిన అవసరం ఏ తల్లిదండ్రులకూ లేదు. మూతపెట్టే స్టీలు డబ్బా, గరిటె, అట్టపెట్టె ఇచ్చి పక్కన కూర్చొని చూడండి. వచ్చిన బొమ్మను వదలి అది వచ్చిన పెట్టెతో ఆడే పిల్లలను మీరూ చూసే ఉంటారు.

ఆట చూస్తే తెలిసే సంగతులు

బొమ్మ బిడ్డ ఎదుగుదలకు అద్దం కూడా. పండుగకు చాలాకాలం తరువాత బిడ్డను చూసే బంధువులకు కొన్ని విషయాలు తట్టవచ్చు. రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి పలకకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసినదానిని వేలితో చూపకపోవడం, నటించే ఆట బొత్తిగా లేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది ఉన్నా ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే’ అని సరిపెట్టుకోవద్దు. పదిమంది ముందు అనకుండా, తల్లిదండ్రులకు ఏకాంతంగా, మృదువుగా చెప్పండి. వినికిడిని, ఎదుగుదలను పరీక్షించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాలలో ఈ పరీక్షలు ఉచితంగా జరుగుతాయి. మీ ప్రాంతంలోని ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.

తల్లిని అడగండి

ఇక మూడవ విషయం. మన కుటుంబాలలో బంధువులు తెచ్చిన బొమ్మను ఇంటి కోడలు ‘ఇది ఇప్పుడు వద్దు’ అని అనలేదు. అంటే అత్తవారి వైపు మాట పడుతుంది. పుట్టింటివారు తెచ్చినదైతే ‘మీవాళ్ళకు ఆ మాత్రం తెలియదా’ అన్న మాట పడుతుంది. బొమ్మను అటకమీద పెడితే ‘మేమిచ్చినది నచ్చలేదా’ అన్న నిష్ఠూరం. ఈ మొహమాటం వల్ల, వద్దని తెలిసిన బొమ్మ కూడా బిడ్డ చేతిలోనే ఉండిపోతుంది. ఆ బొమ్మవల్ల ఏదైనా జరిగితే ‘తల్లి చూసుకోలేదు’ అన్న నింద కూడా ఆమెకే. కాదనే హక్కు ఇవ్వకుండా బాధ్యత మాత్రం మోపడం న్యాయం కాదు.

అందువల్ల కొనే ముందు ఫోను చేసి అడగండి. ‘అమ్మా, పాపకు ఏమి తెమ్మంటావు? ఇంటిలో ఏమున్నాయి?’ అంటే చాలు. పగలంతా ఆ బిడ్డతో ఉండే మనిషికి అది ఏది నోట పెట్టుకుంటుందో, దేనితో గంటసేపు కూర్చుంటుందో అందరికన్న బాగా తెలుసు. కొన్నాక రసీదు దాచి, మార్చుకోవచ్చని ఆమెకు చెప్పండి. ఇచ్చిన తరువాత ఆ బొమ్మ ఎప్పుడు తీయాలి, ఎంతసేపు ఇవ్వాలి, మూడవ ఏడు వచ్చేదాకా దాచాలా అన్నది ఆమె నిర్ణయానికి వదలండి. మరొకసారి వచ్చినప్పుడు ‘మా బొమ్మ ఏది?’ అని ఆరా తీయవద్దు. ఇంటి పెద్దలు అందరి ముందు ఒక్కసారి ‘ఆమె ఎలా చెబితే అలా’ అంటే ఆ తల్లికి ఎంత బలమో మీరే చూస్తారు.

పండుగనాడు బొమ్మ ఇచ్చి కబుర్లలో పడిపోకుండా, ఆ బిడ్డతో పాటు ఒక అరగంట నేలమీద కూర్చోండి. దిమ్మెలు పేర్చండి, కూలనివ్వండి, మళ్ళీ పేర్చండి. మోకాళ్ళ నొప్పులున్న నావంటి పెద్దవారు పీట వేసుకొని అయినా కూర్చోవచ్చు. పండుగ చేసుకునే కుటుంబాలన్నిటికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.